స్వరూప హెడర్లు

2015 ఏప్రిల్‌లో మాదాపూర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో రిలీజ్ మేనేజర్‌గా చేరాను. పేరు వింటే ఘనంగానే ఉంటుంది. ప్రోగ్రాం రాసేవారు వేరు, పరీక్షించేవారు వేరు, అమ్మేవారు వేరు. వీళ్లందరి పనీ కలిసి ఒక్క ఫైలుగా తయారై కస్టమర్ దగ్గరికి బయలుదేరే ముందు "సరే, పంపండి" అనే మనిషిని నేను. పంపింది చెడితే మొదట మోగేది నా ఫోనే. హోదాలో నా పైన ఆర్కిటెక్ట్ ప్రభాకర్ గారు, ఆయన పైన డైరెక్టర్. కానీ రిలీజ్ ఆపే హక్కు మాత్రం నాది. ఆ హక్కు వాడితే అందరికీ కోపం, వాడకపోతే నాకు నిద్ర పట్టదు.

మా కంపెనీ సరుకు ఒక పెట్టె. రసాయనాల ఫ్యాక్టరీల్లో రియాక్టర్ పక్కన గోడకు బిగిస్తారు. రియాక్టర్ వేడెక్కినా, గ్యాస్ లీకైనా హూటర్ మోగించడం, కంట్రోల్ రూముకు కబురు పంపడం దాని పని. లోపల చిన్న కంప్యూటరు, అందులో లినక్స్. లినక్స్‌కు నడిబొడ్డున ఉండే భాగాన్ని కెర్నల్ అంటారు. సెన్సర్‌ను ముట్టుకోవాలన్నా, డిస్కు మీద రాయాలన్నా, నెట్‌వర్క్‌లోకి ఒక్క ముక్క పంపాలన్నా ప్రతి ప్రోగ్రామూ కెర్నల్‌ను అడగాల్సిందే. ఏమేం అడగొచ్చో, ఎలా అడగాలో చెప్పే ఫైళ్లే హెడర్లు. ప్రోగ్రాం కట్టేటప్పుడు, అంటే మా భాషలో బిల్డ్ చేసేటప్పుడు, కంపైలర్ ఆ హెడర్లు చదువుకుని, దొరుకుతాయన్న సేవలను బట్టి ప్రోగ్రాం తయారు చేస్తుంది. మా పెట్టెలోదీ ఆఫీసు బిల్డ్ సర్వర్‌లోదీ ఒకే జాతి ప్రాసెసర్. కాబట్టి సర్వర్‌లో కట్టి, ఫైలు తెచ్చి పెట్టెలో వేసేవాళ్లం. పెట్టెలో కెర్నల్ మాత్రం పాతది. లోపలి కంప్యూటరు తయారు చేసినవాళ్లు ఆ కెర్నల్‌కే హామీ ఇచ్చారు, మార్చే ప్రసక్తి లేదు.

స్వరూప ఆ కంపెనీలో నాకంటే ముందు నుంచే ఉంది. సిద్దిపేట దగ్గరి పిల్ల, మూసాపేటలో కిరాయికి ఉండేది, భర్తకు అక్కడే ఎలక్ట్రికల్ షాపులో పని. ఎంసీఏ చదివింది, పనిలో ఎవరికీ తీసిపోదు. తేడా అల్లా మెడలో ట్యాగు రంగు. మాది నీలం, ఆమెది నారింజ. నారింజ అంటే కాంట్రాక్ట్. మధ్యలో ఒక ఏజెన్సీ ఉంటుంది, ఏడాదికోసారి కొనసాగించాలా వద్దా అని మా కంపెనీని అడుగుతుంది. వద్దంటే వద్దే. పనితీరు బాగాలేదని ఒక్క మాట రాశారా, ఆ ఏజెన్సీ ఇక ఈ హైటెక్ సిటీలో ఏ గడపా ఎక్కించదు.

మా ఇద్దరికీ ఒకటే క్యాబ్. మూసాపేటలో ఆమె ఎక్కేది, నిజాంపేట క్రాస్ రోడ్స్‌లో నేను. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. రోడ్డంతా తవ్వేసి, దుమ్ము కళ్లల్లో పడుతుంటే, కేపీహెచ్‌బీ దాటేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ఆ క్యాబ్‌లోనే మాకు స్నేహం కుదిరింది. మాది తణుకు. మా వైపు మూడేళ్ల పిల్లనైనా "ఏవండీ బుజ్జిగారూ" అంటాం. ఈమె రెండో రోజే "అక్కా, జర జరుగు, నువ్వు కిటికీ దిక్కు కూసో" అంది. నువ్వు అనేసరికి ఉలిక్కిపడ్డాను. నెల తిరిగేసరికి, మీటింగుల్లో ఆమె "మేడమ్, మీరు" అంటే నాకు వెలితిగా ఉండేది. నన్ను నువ్వు అనేవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు మరి? మా ఆయన పోయాక ఆ మాట ఇంట్లో వినపడలేదు.

ఆమె పని చేసే తీరులో ఒక పట్టింపు ఉండేది. కొత్తగా బిల్డ్ మొదలుపెట్టే ముందు, పాత బిల్డ్ తాలూకు చెత్తంతా తీసేయనిదే ముందుకు కదలదు. కెర్నల్ సోర్సులో, అంటే మనుషులు రాసిన అసలు కోడ్‌లో, దీనికోసం ఒక ఆదేశమే ఉంది, మేక్ ఎమ్మార్‌ప్రాపర్ అంటారు. మిగిలిపోయిన ఫైళ్లన్నీ ఊడ్చేసి, సోర్సును కొత్తగా తెచ్చినట్టు చేస్తుంది. మొదటిసారి ఆమె నా వెనక నిలబడి "ఊకినవా అక్కా?" అంది. నాకేం అర్థం కాలేదు. ఊక అంటే మాకు వడ్ల మీది పొట్టు. ఊకో అంటే నోరు మూసుకోమంటోందా అని ఒక్క క్షణం అనుమానం కూడా వచ్చింది. ఆమె పగలబడి నవ్వింది. వాళ్ల వైపు ఊకుడు అంటే ఊడ్వడమట. పొద్దున వాకిలి ఊకి సాన్పి, అంటే మా కళ్లాపి, చల్లనిదే వాళ్లమ్మ పొయ్యి ముట్టించదట. అప్పటి నుంచి మా టీం మొత్తానికి ఎమ్మార్‌ప్రాపర్ అన్న మాటే పోయింది. అటు నెల్లూరు వాళ్లు, ఇటు ఒరిస్సా కుర్రాళ్లు కూడా "ఊకుడు అయిందా?" అనేవారు. డైరెక్టర్ ఒకసారి మీటింగులో ఆ మాట విని ఏదో కొత్త టూల్ అనుకుని లైసెన్స్ ఉందా అని అడిగారు.

ఇక జరిగింది చెబుతాను.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక బిల్డ్ సర్వర్‌లో పాత స్టోరేజి కార్డు మొరాయించింది. కొత్త కార్డు తెచ్చారు. అది పాత కెర్నల్‌తో పని చేయదు. ప్రభాకర్ గారు సర్వర్‌లో మిగతాదంతా అలాగే ఉంచి, కెర్నల్ ఒక్కటి కొత్తది వేయించారు. అంతవరకు బాగానే ఉంది. కార్డును నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, బిల్డ్ చేయబోతే కెర్నల్ హెడర్లు లేవని ఆగిపోయింది. ఆయన ఐటీ విభాగానికి ఫోన్ చేసి "కెర్నల్ హెడర్లు పెట్టండి" అన్నారు. నేను ఆ పక్క సీట్లోనే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

ఈ వృత్తిలో లేనివారి కోసం ఇక్కడ కాస్త ఆగాలి. కెర్నల్ హెడర్లు అన్న ఒక్క మాటకే మాలో రెండు అర్థాలు. డ్రైవర్లు కెర్నల్ లోపల కూర్చుని పని చేస్తాయి. వాటికి ఆ సర్వర్‌లో నడుస్తున్న కెర్నల్ తాలూకు లోపలి హెడర్లు కావాలి. మామూలు ప్రోగ్రాములు కెర్నల్ బయట ఉంటాయి. వాటికోసం కెర్నల్ బయటపెట్టే హెడర్లు వేరు. ప్రోగ్రాములన్నీ ఆధారపడే, సిస్టంలోని సీ లైబ్రరీ వాటిని నమ్ముకునే తయారై ఉంటుంది, వాటిని ఊరికే కదపకూడదు. స్వరూప వీటిని లోపలివి, బయటివి అనేది. మాలో చాలామందికి ఇంత తీరిక లేదు, హెడర్లు అంటే హెడర్లే. ఐటీ వాళ్లు ఎందుకైనా మంచిదని రెండూ పెట్టారు. కొత్త కెర్నల్ సోర్సు తెచ్చి, రూట్ అధికారంతో, అంటే యంత్రంలో దేన్నైనా మార్చగల అధికారంతో, బయటి హెడర్లను నేరుగా సిస్టం ఫోల్డర్‌లోకే దించేశారు. దించే ఆదేశం అక్కడ అంతకుముందున్న కెర్నల్ హెడర్లను తుడిచేసి మరీ దించుతుంది. డ్రైవర్ బిల్డ్ అయింది. కార్డు పని చేసింది. అందరూ టీ తాగి ఎవరి సీట్లకు వాళ్లు వెళ్లారు.

తర్వాతి రిలీజ్‌లో స్వరూప రాసిన మార్పు ఒకటి ఉంది. పెట్టెకూ కంట్రోల్ రూముకూ మధ్య మాటలు ఎవరూ చాటుగా వినకుండా తాళం వేసే భాగం ఆమెది. బిల్డ్ సర్వర్‌లో కట్టాం. ఒక్క హెచ్చరిక రాలేదు. సర్వర్ మీదే పరీక్షలు నడిపారు, అన్నీ పాసయ్యాయి. పెట్టె మీద పరీక్షకు మా దగ్గర ఉన్న పెట్టె ఒక ప్రదర్శనకు వెళ్లింది. తిరిగొచ్చాక పంపుదామని నేనన్నాను. కస్టమర్ తొందర పెడుతున్నాడు, సర్వర్ పరీక్షలు చాలని, నా హక్కును పక్కన పెట్టి, డైరెక్టరే సంతకం పెట్టి పంపించారు. జీడిమెట్లలో ఒక కెమికల్ యూనిట్లో దాన్ని ఎక్కించారు.

పెట్టెలు లేవడం, పడిపోవడం, మళ్లీ లేవడం. వాటిలో వాచ్‌డాగ్ అని ఒక ఏర్పాటుంటుంది, ప్రోగ్రాం చచ్చిపోతే పెట్టెను మళ్లీ స్టార్ట్ చేస్తుంది. స్టార్ట్ అవగానే మళ్లీ చావడమే. హూటర్ మీద నమ్మకం లేదు కాబట్టి ప్లాంట్ మేనేజర్ రియాక్టర్ల దగ్గర మనుషుల చేతికి మీటర్లిచ్చి నిలబెట్టారు. ప్రభాకర్ గారు వెంటనే వెనకటి రిలీజ్ ఫైలు పంపి వేయించారు. పెట్టెలు బుద్ధిగా నడిచాయి.

"లాస్ట్ చేంజ్ ఎవరిదండీ? స్వరూపది. అది తీసేస్తే నడుస్తోంది. ఇంకేం కావాలి?" అన్నారాయన. పైగా ప్రోగ్రాం పడిపోతున్నది సరిగ్గా ఆ తాళం వేసే చోటే. వినడానికి అంతా అతికినట్టుంది. సోమవారం రివ్యూలో ఏజెన్సీకి మెయిల్ రాయాలని డైరెక్టర్ నిర్ణయించారు. పనితీరు బాగాలేదు అన్న మాట అందులో ఉండబోతోంది.

ఆ సాయంత్రం క్యాబ్‌లో స్వరూప కేపీహెచ్‌బీ దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు అంది, "నా కోడ్‌ల తప్పుంటే ఒప్పుకుంట అక్కా. మస్తు సార్లు ఒప్పుకున్న. గీసారి లేదు. నాకెర్కే." నాకు ఒళ్లు మండిపోతోంది. నా రిలీజ్ అది. పెట్టె వచ్చేదాకా ఆగమని చెప్పింది నేను. సంతకం పెట్టినాయన హాయిగా ఉన్నాడు, నారింజ ట్యాగు మెడ మీదికి వచ్చింది.

ప్రదర్శనకు వెళ్లిన పెట్టె శుక్రవారం తిరిగొచ్చింది. శనివారం మధ్యాహ్నం ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. సెలవు కాబట్టి ఏసీ లేదు. సెక్యూరిటీ ఆయన్ని బతిమాలితే ఒక టేబుల్ ఫ్యాన్ తెచ్చిచ్చాడు. ఆమె సర్వపిండి తెచ్చింది, నేను గోంగూర, అన్నం. తిన్న చేతులు కడుక్కుని పెట్టె ముందు కూర్చున్నాం. ప్రోగ్రాం కెర్నల్‌ను ఏమేం అడుగుతోందో, ఏం జవాబు వస్తోందో వరసగా చూపించే పనిముట్టు ఒకటుంది. దాన్ని పెట్టి నడిపాం. అన్ని ప్రశ్నలకూ జవాబులొస్తున్నాయి. సరిగ్గా పడిపోయే ముందు, ఒక ప్రశ్నకు కెర్నల్ ఆ పని నాకు రాదని చెప్పింది. మా భాషలో అది ఫంక్షన్ నాట్ ఇంప్లిమెంటెడ్.

స్వరూప కుర్చీలో ముందుకు జరిగింది. "అక్కా, చూసినవా? ఈ పెట్టెకు రాని పని అడుగుతున్నం మనం."

అడిగింది ఆమె కోడ్ కూడా కాదు. ఆ కోడ్ వాడే తాళాల లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్. యాదృచ్ఛిక సంఖ్యలు ఇచ్చే కొత్త సేవ ఒకటి కొత్త కెర్నళ్లలో వచ్చింది. లైబ్రరీ తనను బిల్డ్ చేసేటప్పుడు హెడర్లలో ఆ సేవ పేరుంటే దాన్నే వాడుకుంటుంది, లేకపోతే పాత పద్ధతిలో వెళుతుంది. మా పెట్టెలో కెర్నల్ పాతది, ఆ సేవ దానికి తెలిసే వీల్లేదు. మరి హెడర్లలో ఆ పేరు ఎలా వచ్చింది? సర్వర్‌లో హెడర్ల వెర్షన్ చూశాం. కొత్తది. అప్పుడు నా చెవుల్లో ప్రభాకర్ గారు ఫోన్‌లో అన్న మాట మోగినట్టయింది. హెడర్లు పెట్టండి.

"ఏ హెడర్లు అని అడగలేదా వాళ్లు?" అంది స్వరూప. అడగలేదు. ఈయన చెప్పలేదు. ఓరి నాయనో, ఒక్క మాట ఎంత పని చేసిందిరా అని నేను పైకే అనేశాను.

బిల్డ్ సర్వర్ మీద చెయ్యి వేయడానికి మాకు అనుమతి లేదు. దానికి మార్పు అభ్యర్థన పెట్టాలి, ప్రభాకర్ గారు ఒప్పుకోవాలి. అందుకని నా టేబుల్ కింద ఉన్న పాత డెస్క్‌టాప్ మీద మొదలుపెట్టాం. ఆ పని ఎలా చేశామో రాస్తాను, ఎందుకంటే ఇప్పటికీ అది అలాగే చేయాలి. ముందు పెట్టెలో ఏ కెర్నల్ ఉందో సరిగ్గా ఆ సోర్సే తెచ్చాం, దాని దగ్గరిది కాదు. ఊకడం ఆమె చేసింది, ఎవరో ఎప్పుడో వదిలేసిన ముక్క ఒక్కటీ మిగలకుండా. తర్వాత బయటి హెడర్లను, రూట్ అధికారం లేకుండా, మామూలు యూజర్‌గా, ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి దించాం. సిస్టం ఫోల్డర్‌లోకి దించనే దించకూడదు. ఖాళీ ఫోల్డర్‌లోకి అయితే తుడిచిపెట్టడానికి అక్కడేమీ ఉండదు, తప్పు జరిగినా పోయేది ఆ ఫోల్డరే. దించాక తెరిచి చూశాం. వెర్షన్ సరిపోయింది, ఆ కొత్త సేవ పేరు లేదు. అప్పుడు ప్రోగ్రామునూ లైబ్రరీనీ మొదటి నుంచి, మీరు చదవాల్సింది ఈ ఫోల్డరే అని కంపైలర్‌కు చెప్పి కట్టాం.

పెట్టెలో వేశాం. లేచింది. కూర్చున్నాం, చూస్తూ ఉన్నాం. పడలేదు. కంట్రోల్ రూము స్థానంలో పెట్టిన ల్యాప్‌టాప్‌కు కబుర్లు వస్తూనే ఉన్నాయి, స్వరూప రాసిన తాళంతోనే.

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. "అమ్మయ్య, బతికిన," అంది.

ఇంకా లేదన్నాను. ప్రభాకర్ గారిని నేను ఎరుగుదును, చెడ్డవారు కారు, గట్టివారు. వేరే మెషీన్‌లో, వేరే ఫోల్డర్‌తో ఏదో చేసి నడిపించారు, కోడ్‌లో ఇంకేం సర్దారో అంటారు. ఆయన వాదనంతా వెనకటి ఫైలు నడిచింది కదా అన్నదాని మీదే నిలబడింది. ఆ ఫైలు సర్వర్ మారకముందు కట్టింది. అందుకే నడిచింది. అదే తాళాల లైబ్రరీని వాడే, స్వరూప కొత్త మార్పు లేని ఆ వెనకటి కోడ్‌నే తీసుకుని, ఈ రోజు, ఈ సర్వర్‌లో, ఈ హెడర్లతో కట్టి చూద్దామన్నాను. ఆ పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రోజూ చేసే బిల్డే. కట్టి పెట్టెలో వేశాం. లేచింది, పడింది. లేచింది, పడింది. అంత ఆనందంగా ఒక పెట్టె పడిపోవడం చూసిన ఆడవాళ్లు ఈ వృత్తిలో మేమిద్దరమే అయ్యుంటాం. స్వరూప నా భుజం మీద ఒక్కటిచ్చింది, "నీ తెలివికో దండం అక్కా!" అని. ఆ దెబ్బ ఇప్పుడు తలుచుకున్నా హాయిగా ఉంటుంది.

సోమవారం రివ్యూలో నేను మాటలు తక్కువ చెప్పి, పెట్టెను టేబుల్ మీద పెట్టి నడిపించాను. కొత్త కోడ్, సరైన హెడర్లు, నడిచింది. వెనకటి కోడ్, సర్వర్ హెడర్లు, పడిపోయింది. ప్రభాకర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పెట్టె వైపు చూశారు. "ఫోన్ చేసింది నేనేనండి. ఏ హెడర్లో చెప్పాల్సింది," అన్నారు. అంతే. వేరే మనిషైతే ఐటీ మీదికి తోసేసి చేతులు కడుక్కునేవాడు. ఆ మాటకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఏజెన్సీకి మెయిల్ వెళ్లలేదు.

కానీ కస్టమర్‌కు చెప్పాలి. మర్నాడు ముగ్గురం జీడిమెట్ల వెళ్లాం. బాలానగర్ దాటగానే ఆ వాసన, కారు అద్దాలు ఎక్కించినా ఆగదు. ప్లాంట్ మేనేజర్ రాజిరెడ్డి గారు మమ్మల్ని కూర్చోమనలేదు. ఆయన మనుషులు రియాక్టర్ల దగ్గర ఇంకా చేతి మీటర్లతోనే నిలబడి ఉన్నారు. పాత ఫైలు నడుస్తున్నా ఆయనకు నమ్మకం చిక్కలేదు. ప్రభాకర్ గారు కెర్నల్, సీ లైబ్రరీ, కంపాటిబిలిటీ అంటూ మొదలుపెట్టారు. రాజిరెడ్డి గారి మొహం ఇంకా బిగుసుకుపోయింది. "నాకు ఇంజనీరింగ్ ఎర్కనే సార్. మళ్ల గిట్లనే అయితదా, కాదా? గది చెప్పుండ్రి," అన్నారు.

అప్పుడు స్వరూప అందుకుంది. "సార్, టిఫిన్ సెంటర్ల బోర్డు ఉంటది కదా. బోర్డు మీద ఏం రాసుంటే గదే అడుగుతం. మేము వేరే హోటల్ బోర్డు తెచ్చి మీ హోటల్ల పెట్టినం. బోర్డు మీద పెసరట్టు ఉన్నది, మీ కిచెన్ల లేదు. మా ప్రోగ్రాం పెసరట్టే కావాలని కూసున్నది, లేదనంగనే లేచి పోయింది. ఇప్పుడు మీ కిచెన్ చూసే బోర్డు రాసినం. ఇగ గట్ల కాదు." తర్వాత, ఆయన అడగకుండానే, పెట్టె మీద పరీక్షించకుండా ఏ ఫైలూ ఇక్కడికి రాదని కూడా చెప్పింది. అది మా డైరెక్టర్ చెప్పాల్సిన మాట. రాజిరెడ్డి గారు కుర్చీలు తెప్పించారు.

కొత్త ఫైలు ఎక్కించి, రియాక్టర్ల దగ్గర ఒక్కొక్క హూటర్‌నూ మోగించి చూపించాం. మనుషులు మీటర్లు జేబుల్లో పెట్టుకున్నారు. వెళ్లబోతుంటే రాజిరెడ్డి గారు నన్ను పక్కకు పిలిచారు. "ఈమె మీ పర్మినెంట్ మనిషేనా అమ్మా?" అన్నారు. ట్యాగు రంగు గమనించినట్టున్నారు. కాదు, కాంట్రాక్ట్ అని చెప్పాను. ఆయన తల ఊపారు.

వారం తిరక్కుండానే ఆయన దగ్గరి నుంచి కబురొచ్చింది. వాళ్ల ఇన్‌స్ట్రుమెంట్స్ విభాగంలో పర్మినెంట్ ఉద్యోగం. నేను మా హెచ్‌ఆర్ దగ్గరికి పరుగెత్తాను. ఈమెను మనమే తీసుకుందాం, ఇంత జరిగాక కూడా కాంట్రాక్టేమిటి అన్నాను. హెడ్‌కౌంట్ లేదన్నారు. హెడ్‌కౌంట్ అంటే ఎంతమందిని పెట్టుకోవచ్చో పైనుంచి వచ్చే లెక్క. డైరెక్టర్ దగ్గరికి వెళ్లాను. వచ్చే ఏడాది చూద్దామన్నారు. ప్రభాకర్ గారు కూడా వచ్చి చెప్పారు. వచ్చే ఏడాదే.

ఆ సాయంత్రం క్యాబ్‌లో ఆమె అడిగింది, "పోవాల్నా అక్కా?"

ఉండు అని నా నోటి చివరిదాకా వచ్చింది. నువ్వు లేకపోతే ఈ క్యాబ్‌లో నేను ఎవరితో మాట్లాడాలి అని అనాలనిపించింది. ఆమె మెడలో నారింజ ట్యాగు కనిపిస్తూ ఉంది. "పో స్వరూపా. ఆలోచించకు," అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని నిజాంపేట క్రాస్ రోడ్స్ దాకా వదల్లేదు.

జీడిమెట్ల అమెరికా కాదు. మా ఇంటి నుంచి కారులో ఎంతసేపని? అయినా ఈ ఊళ్లో ఉంటున్నవారికి తెలుసు, ఒకరి దారి బాలానగర్ వైపు, ఇంకొకరి దారి మాదాపూర్ వైపు అయ్యాక కలుసుకోవడం ఎంత కష్టమో. వాళ్లకు షిఫ్టులు. ఆదివారం అనుకుంటే ఆమెకు డ్యూటీ, ఆమెకు తీరిక దొరికితే నాకు రిలీజ్. మొదట్లో రోజూ ఫోన్, తర్వాత వారానికోసారి, ఆ తర్వాత పండగలకు ఫోటోలు. ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు. క్యాబ్‌లో ఆమె సీట్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఒక పెద్దమనిషి కూర్చునేవాడు. ఒక్కరోజైనా జర జరుగు అనలేదు.

ఆ శనివారం మేం చేసిన ఫోల్డర్ మాత్రం నా డెస్క్‌టాప్ నుంచి సర్వర్‌కెక్కి అక్కడే ఉండిపోయింది. అందరూ దాన్ని స్వరూప హెడర్లు అనేవారు. బిల్డ్ స్క్రిప్టుల్లో కూడా అదే పేరు పడింది. కొత్తగా చేరిన పిల్లలు స్వరూప అంటే ఏ టెక్నాలజీ మేడమ్ అని అడిగేవారు. మొదట్లో కథంతా చెప్పేదాన్ని. తర్వాత తర్వాత, మనిషి అని మాత్రం చెప్పేదాన్ని. ఆ మీదట బిల్డ్‌లన్నీ క్లౌడ్‌కు, అంటే ఎక్కడో ఉండే అద్దె యంత్రాల మీదికి, వెళ్లాయి. ప్రతి బిల్డుకూ కొత్త యంత్రం పుడుతుంది, పని అయ్యాక చస్తుంది, ఊకాల్సిన అవసరమే లేదు. మంచి పద్ధతే, కాదనను. నాకు మాత్రం ఆ ఉక్కపోత శనివారం, ఆ టేబుల్ ఫ్యాన్, సర్వపిండి నూనె అంటిన వేళ్లతో కీబోర్డు ముట్టుకోవద్దని నేను ఆమెను కసిరిన కసురు, ఇవి కావాలనిపిస్తుంది. ఏ క్లౌడ్‌లో దొరుకుతాయి చెప్పండి?

నా రిటైర్మెంట్ సభకు ఆమె వచ్చింది. జుట్టు నెరిసింది, విభాగానికి పెద్ద అయింది, మెడలో వాళ్ల ఫ్యాక్టరీ ట్యాగు. వెనక వరసలో కూర్చుంది. నా గురించి డైరెక్టర్లు మాట్లాడుతున్నంతసేపూ నేను ఆ వరస వైపే చూస్తున్నాను. శాలువా కప్పించుకుని కిందికి దిగేసరికి ఆమె బ్యాగు సర్దుకుంటోంది. "షిఫ్ట్ ఉన్నది అక్కా, పోత. ఫికర్ చెయ్యకు, మళ్ల వస్త," అంది. లిఫ్ట్ దాకా వెళ్లాను. మళ్లీ రావడం ఇంకా కుదరలేదు. నాకు ఆమె మీద బెంగ ఉంది. ఈ వయసులో ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటం ఏముంది?

ఈ వ్యవహారం నుంచి వృత్తిపరంగా నేర్చుకున్నది ఇది. ప్రోగ్రాం కట్టేటప్పుడు చూడాల్సింది, కట్టే యంత్రంలో ఏ కెర్నల్ ఉందన్నది కాదు, అది వెళ్లి నడవబోయే యంత్రంలో ఏదుందన్నది. హెడర్లు అంతకంటే కొత్తవి కాకూడదు, సిస్టం ఫోల్డర్‌లోకి దించకూడదు, హెడర్లు అని ఎవరైనా అంటే ఏవని అడగకుండా చెయ్యి కదపకూడదు. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, అది ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. తప్పు ఒక మనిషిది కాదని రుజువు చేయడం ఒక పని. ఆ మనిషిని మన దగ్గర ఉంచుకోవడం వేరే పని. మొదటిది నాకు చేతనైంది.